నెల్లూరు సీమ రాళ్లు, నీళ్లు

నెల్లూరు మండలమును తూర్పునుండి పడమరకు నడచి చూచినవారికి నేల మూడు విధములుగ కనబడును. సముద్రపుటొడ్డున ఇసుకదిబ్బలు, ఉప్పునేలలు. వాని వెనుక పెన్నానది తెచ్చిపోసిన ఒండ్రుపై వరిమాగాణులు. ఇంకను పడమరకు మెట్టచేలు, రాతిగుట్టలు, తుదకు వెలిగొండలు. తీరవాసులకు నీటి దోషమును నాలుకయే చెప్పును. బావి ఉప్పెక్కినచో ఒక్క గుక్కతో తెలియును. మెట్టసీమలోని ఒక దోషము మాత్రము కంటికి కనబడదు, నోటికి తెలియదు. దానిని కనుగొన్న వృత్తాంతము ప్రతి గ్రామస్థుడును ఎరుగదగినది.

ఈ మెట్టసీమ రాళ్లలో ఖనిజములు కలవని చిరకాలముగ ప్రసిద్ధి. కంపెనీ కొలువులోని వైద్యుడు బెంజమిన్ హేన్ 1814లో ప్రకటించిన గ్రంథమున ఈ ప్రాంతపు రాగిగనులను గూర్చి వ్రాసెను. ఉదయగిరి ప్రాంతమున గరిమెనపెంట రాగికి పేరొందినది. గూడూరు, రాపూరు, సైదాపురము ప్రాంతములు అభ్రకమునకు ప్రసిద్ధి కెక్కినవి. భారత భూగర్భశాఖకు చెందిన విలియం కింగ్ 1880లో ఈ సీమ శిలలను సవిస్తరముగ వర్ణించెను. అయితే రాతిలో నేమి యున్నదని వెదకిన వారందరును లాభము కొరకే వెదకిరి. ఆ రాయి నీటిలో నేమి కలుపుచున్నదను ప్రశ్న చాలకాలము పుట్టలేదు.

రాగిగని చెంత నీరు చెడుట కొంతవరకు కంటికి తెలియును. గంధకముతో కూడిన రాగిరాతిని త్రవ్వి గుట్టగా పోసినచో, గాలియు వాననీరును సోకి ఆమ్లము పుట్టును. ఆ ఆమ్లము లోహమును కరగించి వాగులోనికి దింపును. వాగురాళ్లపై పచ్చని మరకయో, ఎర్రని తుప్పో పేరుకొనును. పరీక్షకుడు గనికి ఎగువన ఒక సీసా, దిగువన ఒక సీసా నీరు పట్టి పోల్చిచూచును. ఆ రెంటి భేదమే సాక్ష్యము.

కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతములలో గనియు లేదు, మరకయు లేదు. నాడు నెల్లూరు జిల్లాలో నుండిన ఈ ప్రాంతములు 1970లో ఒంగోలు జిల్లాలో చేరినవి. ఆ జిల్లాయే 1972లో ప్రకాశము జిల్లా అయ్యెను. అచ్చట పిల్లల పండ్లపై పసుపు, గోధుమరంగు చారలు పడుచుండెను. నడివయస్సు వచ్చుసరికి కొందరికి మెడ, నడుము బిగిసి వంగుటయే దుర్లభమయ్యెను. ఎద్దులును కీళ్లు బిగిసి నడువజాలక పోవుచుండెను. కాడి మోయు ఎద్దును, దానిని తోలు రైతును ఒక్కతీరున కుంటువడినచో ఆ యింటి సేద్యమేమగునో వేరుగ చెప్పనక్కరలేదు.

1937లో షార్ట్, మెక్‌రాబర్ట్, బార్నార్డ్, మన్నాడి నాయర్ అను నలుగురు వైద్యులు ఈ వ్యాధిని శాస్త్రీయముగ పరిశీలించి ప్రకటించిరి. ఎక్సురే చిత్రములలో ఎముకలు మితిమీరి చిక్కబడినట్లును, కీళ్లను పట్టియుండు నరములవంటి బంధములు ఎముకవలె గట్టిపడినట్లును కనబడెను. త్రాగునీటిలోని ఫ్లోరైడే కారణమని వారు నిర్ణయించిరి. భారతదేశమున మనుష్యుల ఎముకలకు సోకిన ఈ వ్యాధిని గూర్చిన తొలి ప్రకటన ఇదియే. 1940లో పండిట్ మొదలగువారు ఈ పరిశోధనను ఇంకను విస్తరించిరి. పోషణ కొరవడిన వారియందు బాధ హెచ్చుగ నుండునని వారు గ్రహించిరి.

దోషము మానవుడు చేసినది కాదు, రాతిలోనిదే. ఈ సీమ శిలలలోని నల్ల అభ్రకము, అపటైటు, ఫ్లోరైటు అను ఖనిజములలో ఫ్లోరిన్ కలదు. వానలు తక్కువైనచోట నీరు రాతిపగుళ్లలో బహుకాలము నిలిచి దానిని కరగించుకొనును. నీటిలో సున్నపు పాలు తగినంత యున్నచో ఫ్లోరైడు కొంత విడిపోవును. అది తక్కువై, క్షారము హెచ్చైనచో నీటిలోనే నిలుచును. పగుళ్లు ఒక్కతీరున నుండవు కనుక ఒకే యూరిలో ఒక బావి మంచిది, ఇంకొకటి చెడ్డది కావచ్చును. పొరుగుబావి పరీక్ష మనబావికి చెల్లదు.

లీటరు నీటిలో 1.5 మిల్లిగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది. కాచుటవలన అది పోదు. నీరు ఇగిరినకొలది చిక్కబడును. పటిక, సున్నము కలిపి తేర్చు పద్ధతిని నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ రూపొందించినది. అది నల్లగొండ పద్ధతి యని పేరొందినది. నదీజలమును, వాననీటిని సమకూర్చుకొనుట ఇంకొక మార్గము. బిగిసిన కీళ్లు మరల మునుపటివలె కావు. కావున ముందుజాగ్రత్తయే మందు.

ఇందుకు గొప్ప ధనము అక్కరలేదు. ఊరిలోని ప్రతి త్రాగునీటి బావిని పరీక్షింపజేసి, ఏ బావి, ఏ సంవత్సరము, ఎంత అను మూడు మాటలు ఒక పుస్తకమున వ్రాసి గ్రంథాలయమున ఉంచిన చాలును. పురాణములతోబాటు ఆ పుస్తకమును బీరువాలో నిలిచినచో, మన తరువాతివారు తమ బావిని గూర్చి ఊహింప నక్కరలేదు, చదివి తెలిసికొందురు.