తర్జుమాన్ కావాలా, తర్జుమా కితాబు కావాలా?

కంప్యూటర్ ఇల్మ్ సైన్సు వాళ్ల జాగీరుగా మిగలకూడదని 1964లో అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీ ఉస్తాదులు జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ బేసిక్ అనే ఆసాన్ జబాన్ తయారుచేశారు. అప్పుడది కంపైలరే. ప్రోగ్రామంతా ఒకేసారి యంత్రభాషలోకి తర్జుమా అయ్యేది.

తర్వాత ఇళ్లలోకొచ్చిన కంప్యూటర్లలో మెమరీ తక్కువ. 1982 నాటి కమోడోర్ 64లో బేసిక్ ప్రోగ్రాముకు దొరికేది 38,911 బైట్లే. అందుకే ఇలాంటి వాటిలో ఇంటర్‌ప్రెటర్ పెట్టారు. మన జల్సాల్లో ఉర్దూ బయాన్‌ను వాక్యం వాక్యంగా తెలుగులో చెప్పే తర్జుమాన్ లాంటిదది. ఒకే లైను వెయ్యిసార్లు నడిస్తే వెయ్యిసార్లూ తర్జుమా చేయాల్సిందే.

కంపైలర్ తర్జుమా పూర్తయిన కితాబు లాంటిది. ఆపిల్ 2 కోసం 1981లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన టాస్క్ అలాంటిదే. దాంతో ప్రోగ్రాం జల్దీగా నడిచేది. కానీ ఎక్కువ చోటు తినేది, ఒక్క అక్షరం దిద్దినా మళ్లీ కంపైల్ చేయాలి.

నా ఖయాల్‌లో ఇంటర్‌ప్రెటర్‌ను తక్కువ చేయకూడదు. లైను టైపు చేయగానే జవాబు కనిపించేది కాబట్టే, ఉస్తాద్ లేని ఇళ్లలోనూ పిల్లలు నేర్చుకోగలిగారు. మన ఇళ్లలో దీనీ కితాబుల తెలుగు తర్జుమాలున్నా, పిల్లల సవాళ్లకు అప్పటికప్పుడు జవాబు చెప్పే మనిషి ఇంకా కావాలి.