త్రైరాశికము: పావులూరి మల్లన నుండి తాల్‌బగీచా దాక

ఖరగ్‌పూరులోని తాల్‌బగీచా పేరును తెలుగు చేసినచో తాటితోట యగును. ఉత్తరాంధ్ర పల్లెల నుండి రైలు కొలువులకై ఆ పట్టణము చేరిన కుటుంబములకు తాటితోట పరాయిది కాదు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే, ఇటు హౌరాను అటు వాల్తేరును కలుపుచు, ఖరగ్‌పూరును పెద్ద కూడలిగా చేసినది. అచట కర్మాగారములోను, బండ్ల రాకపోకలలోను, సామాను రవాణాలోను లెక్క లేని పని లేదు. అయినను అట్టి పట్టణమున పెరుగు బాలుడే ఆరవ తరగతిలోనో ఏడవ తరగతిలోనో నిష్పత్తుల పాఠము వచ్చినపుడు “ఇది దేనికి పనికివచ్చును?” అని అడుగవచ్చును. ఆ ప్రశ్నకు తెలుగుదేశమున సుమారు తొమ్మిది వందల యేండ్ల క్రిందటనే ఒక సమాధానము వెలసినది.

క్రీ. శ. 850 ప్రాంతమున, రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలములో, మహావీరాచార్యుడు సంస్కృతమున ‘గణితసార సంగ్రహము’ రచించెను. దానిని తెలుగు పద్యములలోనికి తెచ్చినవాడు పావులూరి మల్లన. తెలుగున గణితశాస్త్రమునకు ఆ గ్రంథమే తొలి రచన. మహావీరుడు జైనుడు, మల్లన శైవుడు. అందుచే మూలములో జైనమునకు సంబంధించి యున్న ఉదాహరణముల స్థానమున మల్లన శైవమునకు తగినవానిని నిలిపెను. గణితసూత్రము యథాతథముగా నిలిచినది. దాని చుట్టునున్న లోకము మాత్రము చదువరి ఎరిగినదిగా మారినది. నేటి ఉపాధ్యాయుడు పాఠమునకు ఊరి ఉదాహరణమును వెదకునపుడు చేయుచున్న పనియు ఇదియే.

ఇట్టి లెక్కలకు మూలకందము త్రైరాశికము. 499 నాటి ‘ఆర్యభటీయము’ననే దీనికి సూత్రము కలదు. ప్రమాణము, ఫలము, ఇచ్ఛ అని రాశులు మూడు. ఫలమును ఇచ్ఛచే గుణించి ప్రమాణముచే భాగించినచో కోరిన విలువ వచ్చును. నలువది సేర్లు మణుగు, పదునారణాలు రూపాయి అయిన దినములలో, మణుగు ధరను రూపాయలలో చెప్పిన తోడనే దానిని రెండింట గుణించి ఐదింట భాగించి, సేరు వెల అణాలలో చెప్పవచ్చును. మణుగు ఇరువది రూపాయలైనచో సేరు ఎనిమిది అణాలు. ఇది గారడి కాదు. పదునారును నలువదిచే భాగించినచో వచ్చు రెండైదవ వంతే దీనిలోని రహస్యము.

వంగదేశమునకును ఇట్టి సంపద కలదు. శుభంకరుని పేర ప్రసిద్ధములైన పద్యసూత్రములు అచటి పాఠశాలలలో ధరలు, కొలతలు, భూమి వైశాల్యము నేర్పుచుండెను. 1835 నుండి 1838 వరకు వంగదేశ విద్యాస్థితిని పరిశీలించిన విలియం ఆడమ్ తన నివేదికలలో వానిని పేర్కొనెను. కనుక తాల్‌బగీచాలోని తెలుగు బిడ్డకు ఒక ప్రక్క మల్లన, మరియొక ప్రక్క శుభంకరుడు, ఇరువురును సొంతవారే.

అయితే కంఠస్థమున కొక ప్రమాదము కలదు. బళ్ళారి కలెక్టరు కాంబెల్ 1823లో తన జిల్లాలోని 533 బడులను, 6,641 మంది విద్యార్థులను గూర్చి నివేదిక వ్రాసెను. బాలురు పద్యములను పుంఖానుపుంఖముగా వల్లింతురు గాని వాని అర్థ మెరుగరని అందు విచారపడెను. సూత్రమునకును ఈ గతి పట్టవచ్చును. 1957 ఏప్రిల్ 1న రూపాయి నూరు నయాపైసలైనది. 1958 నుండి కిలోగ్రాము అంచెలంచెలుగా అమలులోనికి వచ్చినది. సేరును అణాను మాత్రమే నేర్చినవాని సులువు ఆనాటితో తీరిపోయినది. దాని కారణము నెరిగినవాడు మాత్రము క్రొత్త కొలతలకు క్రొత్త సులువును తానే కల్పించుకొనగలిగెను.

బజారునకు బడికి నడుమ గల అగాధము నేటికిని పూడలేదు. 1985లో బ్రెజిల్ దేశపు రెసీఫె నగరమున వీధిలో సరకులమ్ము బాలలను పరీక్షింపగా, అంగడిలో నూటికి 98 లెక్కలు సరిగా చెప్పిన ఆ పిల్లలే, అవే లెక్కలను కాగితముపై అంకెలుగా నిచ్చినపుడు 37 మాత్రమే సరిగా చేసిరి. 2025లో ‘నేచర్’ పత్రికలో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో ప్రభృతులు ప్రకటించిన పరిశోధనము కలకత్తా, ఢిల్లీ బజారులలో పనిచేయు పిల్లలను గూర్చినది. వారు చిక్కు బేరములను నోటితోనే తేల్చిరి. బడి రూపములోని లెక్క కడ తడబడిరి. బడికి మాత్రమే పోవు పిల్లల స్థితి దీనికి విపర్యయము. ఒకచోటి తెలివి రెండవచోటికి తనంత తాను నడచి పోదని, దానిని చేయిపట్టి నడిపింపవలెనని దీనివలన తేలుచున్నది.

ఆ పనికి ఖరగ్‌పూరు కంటె మంచి తావు వేరేల? అచటి స్టేషను ప్లాట్‌ఫారము 1,072.5 మీటర్ల పొడవు గలది. ప్రపంచమున కెల్ల పొడవైనదని చిరకాలము పేరొందినది. 2013లో గోరఖ్‌పూరును, 2023లో 1,507 మీటర్లతో హుబ్బళ్ళియు దానిని మించినవి. గంటకు 54 కిలోమీటర్ల వేగముతో పోవు బండి ఆ ప్లాట్‌ఫారమును ఎంత సేపటిలో దాటును? ఆ వేగము సెకండునకు 15 మీటర్లు. ప్లాట్‌ఫారము పొడవును మాత్రమే భాగించినవాడు 71.5 సెకండ్లని వ్రాయును. గార్డు పెట్టె వెడలిపోవు వరకు నిలిచి చూచిన బాలుడు మాత్రము బండి పొడవును గూడ కలుపును. బండి 427.5 మీటర్లైనచో మొత్తము 1,500 మీటర్లు, కాలము సరిగా నూరు సెకండ్లు. మొదటివాని భాగహారమున తప్పు లేదు. బండి అతని కన్నుల ముందు లేదు, అంతియే.

కావున బిడ్డలకు ఎక్కములు వచ్చునా యని అడుగు పెద్దలు, ఆ ఎక్కము నేడు ఎచట అక్కరకు వచ్చినదని కూడ అడుగవలెను. బజారు చీటి, టిక్కెట్టు ధర, ఇంటి నేలకు పరచు పలకలు, ఇవన్నియు ప్రతి ఇంట నున్నవే. వానిని తెలుగున ముచ్చటించుకొన్నచో గణితముతో పాటు కాలు, అర, ముప్పాతిక, వీసము అను మాటలును పరదేశమున బ్రతుకును. మల్లన తన కాలపు చదువరికై చేసిన పని ఆ ముచ్చటలో కొనసాగును.