బరిలోని శునకము

ఇంగ్లండునందు కుక్కలను ఉసికొల్పి ఎద్దులను కరపించు క్రూరవినోదమును పార్లమెంటు 1835లో చట్టముచే నిషేధించెను. కుక్కల పోరును అందే నిషిద్ధమైనను, ఎద్దును దాచుటకంటె కుక్కను దాచుట సులభమగుటచే, ఆ వ్యసనము మరిగినవారు చెక్కలు చుట్టిన రహస్యపు బరులలో కుక్కకును కుక్కకును పోరు పెట్టుచు, పట్టు విడువని బుల్‌డాగును చురుకైన టెర్రియరుతో దాటించి, వెనుదీయని వాని సంతతినే తరతరములుగా నిలుపుకొనిరి.

ఇట్లు ఏరి పెంచిన కలహశీలము నెత్తురులోనిదా, నేర్పినదా?

అమెరికాలోని బార్ హార్బరున స్కాట్, ఫుల్లర్ అను శాస్త్రజ్ఞులు ఐదు జాతుల కుక్కపిల్లలను ఒకే తీరున పెంచి పరిశీలించి, 1965లో ఆ ఫలితములను గ్రంథముగా వెలువరించిరి. ఫాక్స్ టెర్రియర్ పిల్లలు, ఎవ్వరును నేర్పకయే, పసితనము వీడకమునుపే తోబుట్టువులలో ఒకదానిపై మూకుమ్మడిగా పడి కరచుచుండుటచే, దెబ్బతిన్నదానిని వేరుచేయవలసివచ్చెను! బీజము సహజమే యని నేను నమ్ముటకు ఇదియే హేతువు. అయినను పుట్టిన మూడవ వారము మొదలు పండ్రెండవ వారము వరకు తోడి కుక్కలతోను మనుష్యులతోను కలిగెడి పరిచయము తరువాతి నడవడిని ఎంతయో తీర్చునని వారే చెప్పిరి.

పోరునకు పెంచిన కుక్కలును మారగలవనుటకు ఒక నిదర్శనము కలదు: 2007లో వర్జీనియాయందు ఒక పోరుస్థావరమున పట్టుబడిన కుక్కలలో ఇరువదిరెండు యూటాలోని ఆశ్రయమునకు చేరెను. వానిలో పెక్కు ఓర్పుతో కూడిన శిక్షణ పొంది ఇండ్లకు పోయెను.