ఎక్స్‌వైఎల్ అంటే ఎవరు?

అమెచ్యూర్ రేడియో వాళ్ళ భాషలో మగవాడు ఓఎం, అంటే ఓల్డ్ మ్యాన్. మీసం రాని కుర్రాడైనా సరే, లైసెన్సు చేతికొచ్చిన రోజు నుంచి ఓఎమ్మే. ఆడమనిషి వైఎల్, యంగ్ లేడీ. మనవలున్న అమ్మమ్మ అయినా వైఎల్లే. ఇక హామ్ గారి భార్య ఎక్స్‌వైఎల్, అంటే మాజీ యువతి. పెళ్ళితో ఆయన మాజీ ఏదీ కాలేదు, ఆమె మాత్రం అయింది. మోర్స్ కోడ్‌లో ప్రతి అక్షరాన్నీ చుక్కలుగా గీతలుగా కొట్టాలి కాబట్టి మాటల్ని కురచ చేసుకోవడం అవసరమే, కాదనను. కానీ ఎవరి వయసు గౌరవంగా మిగలాలి, ఎవరి వయసు పెళ్ళితో ముగియాలి అన్నది ఆ అవసరం నిర్ణయించిన విషయం కాదు.

నేను సాహిత్యం చదువుకున్న మనిషిని. సర్క్యూట్ల సంగతి నాకు తెలియదు, పదాల వెంట పోవడం తెలుసు. ఈ మూడు పదాల వెంట పోతే ఒక చరిత్రే దొరికింది.

1927లో లైసెన్సు పొందిన బార్బరా డన్ బ్రిటన్‌లో మొదటి మహిళా హామ్. ఆమె కాల్‌సైన్ జి6వైఎల్. ఆడదన్న ముద్ర ఆమె కాల్‌సైన్‌లోనే ఉందన్నమాట. పన్నెండేళ్ళ తర్వాత, 1939లో, అమెరికాలో ఎథెల్ స్మిత్ అనే ఆవిడ హామ్‌ల పత్రిక ‘క్యూఎస్‌టి’కి ఒక ఉత్తరం రాసింది. మీలో ఆడవాళ్ళుంటే నాకు రాయండి అని అడిగింది. ఓ డజను మంది రాశారు. అలా పుట్టింది యంగ్ లేడీస్ రేడియో లీగ్. అవతలివాళ్ళు పెట్టిన పేరునే వీళ్ళు తమ సంఘానికి పెట్టుకున్నారు. ఇది లొంగుబాటా, ఎదురు తిరగడమా అని వాదించుకోవచ్చు. నాకు మాత్రం ఆ తర్వాత వాళ్ళు చేసిన చిన్న పని ఎక్కువ నచ్చింది. హామ్‌లు సెలవు తీసుకునేటప్పుడు 73 అంటారు, నమస్కారాల్లాంటిది. 88 అంటే ప్రేమ, ముద్దులు. వైఎల్ తగిలితే ఓఎంలు 88 పంపడం సరదా. ఈ రెంటిలో ఏదీ తమకు సరిపోవడం లేదని ఆ ఆడవాళ్ళు 33 అనే మరో అంకెను తెచ్చుకున్నారు. ఒక స్త్రీ మరో స్త్రీకి పంపే స్నేహం, పరస్పర గౌరవం దాని అర్థం. లోకంలో లేని సంబంధానికి మాట పుట్టించడమంటే ఇదే కదా. మన దగ్గర స్త్రీవాద కవులు చేసిన పని, వాళ్ళు రెండంకెల్లో చేశారు.

మన దేశంలో రేడియో కథలోకి ఆడగొంతు ఇంకో దారిన వచ్చింది. 1939లో యుద్ధం మొదలవగానే బ్రిటిష్ ప్రభుత్వం హామ్ లైసెన్సులు రద్దు చేసి, ట్రాన్స్‌మిటర్లు అప్పగించమంది. 1942 ఆగస్టులో క్విట్ ఇండియా నాయకులు జైలుకి పోయాక, బొంబాయిలో ఉషా మెహతా, ఆమె మిత్రులు రహస్యంగా కాంగ్రెస్ రేడియో నడిపారు. తరంగం 42.34 మీటర్లు. ఆమెకప్పుడు 22 ఏళ్ళు. ట్రాన్స్‌మిటర్ సమకూర్చిన వాళ్ళలో నారిమన్ ప్రింటర్ పాత హామ్. పోలీసుల కంట పడకుండా స్థావరాలు మార్చుకుంటూ మూడు నెలలు లాక్కొచ్చారు. అచ్చుపత్రికలు రాయడానికి జంకిన చిమూర్ వార్తలు ఆ రేడియో చెప్పింది. అక్కడ సైనికులు స్త్రీల మీద చేసిన అత్యాచారాల గురించి వినాలంటే అప్పుడు ఈ దొంగ రేడియోయే దిక్కు. నవంబరు 12న పట్టుబడ్డారు. చూపించింది ఆ సాంకేతిక నిపుణుడే. ఉషా మెహతాను నెలల తరబడి ప్రశ్నించారు, విదేశీ చదువు ఆశ చూపారు. ఆమె నోరు విప్పలేదు. నాలుగేళ్ళ శిక్ష పడింది, 1946లో విడుదలైంది. తర్వాత గాంధీ ఆలోచన మీద పిహెచ్‌డి చేసి, విల్సన్ కాలేజీలో పాఠాలు చెప్పింది.

ఆమెను తలుచుకునేటప్పుడు మనం ‘ఆ గొంతు’ అంటాం. నాకు దాంతో పేచీ ఉంది. డబ్బు పోగుచేయడం, వార్తలు తెప్పించడం, ఇళ్ళు వెతకడం, సామాను తరలించడం కూడా ఆమె పనే. గొంతు అనేస్తే చేతులు కనపడవు. ఆడవాళ్ళు వినిపించాలి, మగవాళ్ళు బిగించాలి అనే పాత వంటింటి పంపకమే రేడియోలో కొత్త ముఖం వేసుకుని కూర్చుంటుంది.

2004 డిసెంబరులో అండమాన్ వెళ్ళిన భారతీ ప్రసాద్ కథలో ఆ పంపకం పనికి రాదు. ఆమె కాల్‌సైన్ వియు2ఆర్‌బిఐ. హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున బృందంతో పోర్ట్‌బ్లెయిర్ చేరింది. అక్కడి నుంచి హామ్ ప్రసారాలు జరిగి 17 ఏళ్ళయింది. భద్రత పేరుతో అనుమతి ఇచ్చేవారు కాదు. పట్టుబట్టి సంపాదించుకున్న అనుమతి అది. డిసెంబరు 26 తెల్లవారి ప్రసారం మధ్యలో ఉండగా గది ఊగింది. కరెంటు పోయింది, ఫోన్లు పోయాయి. బయటికొచ్చి ఆరుబయట స్టేషన్ మళ్ళీ నిలబెట్టి, ద్వీపాల కబురు ప్రధాన భూభాగానికి అందించింది. బృందంలో కొందరు కార్ నికోబార్‌కి వెళ్ళి అక్కడ స్టేషన్ పెట్టారు. ఫలానా వాళ్ళు బతికే ఉన్నారు అన్న మాట కోసం ఒడ్డున ఎదురుచూసే వాళ్ళకి ఆ పనే ప్రాణం. యాంటెన్నా కట్టిందీ, మైకు పట్టిందీ, అనుమతి కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిందీ ఒకే జట్టు, ముందున్నది ఒక స్త్రీ. ఈమెను ఏ అక్షరాలతో పిలుస్తారు? వైఎల్ అనే. ఆ పదాన్ని ఆవిడే నింపేసింది.

హామ్‌ల అలవాట్లే తర్వాత ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చాయంటే అతిశయోక్తి కాదు. అర్థం దాచే రహస్య భాష వాడకూడదు, డబ్బుకి ప్రసారం చేయకూడదు, కనిపెట్టిన సర్క్యూట్‌ని నలుగురికీ చెప్పాలి. 1997లో డెబియన్ ఫ్రీ సాఫ్ట్‌వేర్ మార్గదర్శకాలను రూపొందించిన బ్రూస్ పెరెన్స్ స్వయంగా హామ్. తలుపులు తెరిచే ఉంటాయి, ఎవరైనా రావచ్చు అన్నది ఇద్దరి మాటా. మరి వచ్చిందెవరు? 2006లో యూరోపియన్ యూనియన్ డబ్బుతో చేసిన అధ్యయనం ఒకటి, ఫ్రీ సాఫ్ట్‌వేర్ సమూహాల్లో స్త్రీలు సుమారు 1.5 శాతమని, జీతాలిచ్చే మామూలు సాఫ్ట్‌వేర్‌లో 28 శాతమని తేల్చింది. తాళం వేసిన చోటకన్నా తలుపు తీసిన చోటే ఆడవాళ్ళు తక్కువ! ఎందుకంటే జీతం లేని పనికి సాయంత్రాలు కావాలి. సాయంత్రాలు ఎవరి చేతిలో ఉంటాయో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

తక్కువ మంది ఉంటే ఏమవుతుంది? 2004లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఎవరైనా గీయగల ప్రపంచ పటం. దాని మీద పసిపిల్లల సంరక్షణ కేంద్రానికి ఒక గుర్తు కావాలని ప్రతిపాదన పెడితే, 2011లో ఓటింగ్‌లో వీగిపోయింది. కిండర్‌గార్టెన్‌కి గుర్తు ఉంది కదా, ఇంకోటెందుకు అన్నారు. బార్, పబ్, నైట్‌క్లబ్‌లకి మాత్రం వేర్వేరు గుర్తులున్నాయి. తాగే చోట్ల మధ్య తేడా తెలిసినవాళ్ళకి, మూడు నెలల బిడ్డని ఎక్కడ దించి పనికి పోవాలో వెతుక్కునే తల్లి అవసరం తెలియలేదు. మోనికా స్టీఫెన్స్ అనే భూగోళ పరిశోధకురాలు 2013లో దీన్ని వ్యాసంగా రాసింది. ఆ గుర్తు తర్వాత వాడుకలోకి వచ్చింది.

మన భాషలోనూ ఇలాంటి చిక్కే ఉంది. తెలుగు క్రియ ఏకవచనంలో స్త్రీనీ వస్తువునీ ఒకే గాటన కడుతుంది: ఆమె వెళ్ళింది, బండి వెళ్ళింది. ‘యూజర్ లాగౌట్ అయ్యాడు’ అని రాస్తే ఆడవాళ్ళు లేరు, ‘అయింది’ అని రాస్తే మనిషే లేదు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో ‘సభ్యుడు’, ‘సభ్యులు’ అనే మాటలు వాడారు. తర్వాత ‘వాడుకరి’ అనే మాట వచ్చి స్థిరపడింది. వాడుకరి మార్చారు, వాడుకరి తొలగించారు. బహువచనం మనకు గౌరవం కూడా కాబట్టి ఈ వాక్యాల్లో డు-ము-వులు అడ్డు రావు. వాడుకరి అంటే ఓల్డ్ మ్యానూ కాదు, ఎవరికీ మాజీ కాదు.