గ్రాఫు గీయు గణకయంత్రము, దానికి వ్రాతసాధనములు

అనంతపురం పీఠభూమిలో వాన లెక్క చూడని గృహస్థు లేడు. సాలుకు సుమారు 550 మిల్లీమీటర్లు. అదియు ఒక యేడు కురిసినట్లు మరియొక యేడు కురియదు. ఈ హెచ్చుతగ్గులు అంకెలలో కంటె గీతలో తేటపడును. 1948లో ఈ పట్టణమునకు ఇంజనీరింగు కళాశాల తరలివచ్చిన నాళ్లలో ఇంజనీరింగు విద్యార్థికి స్లైడు రూలు, లాగరిథము పట్టికలు, గళ్ల కాగితము — ఇవియే సాధనములు.

ఈ మూటి పనిని అరచేతిలో ఇమిడ్చిన యంత్రమును 1985లో జపానుకు చెందిన కాసియో సంస్థ వెలువరించెను. ఎఫ్ఎక్స్-7000జి అని దాని పేరు. తెరపై అడ్డముగా 96 చుక్కలు, నిలువుగా 64. పండ్రెండు నెలల వానను చూపదలచినచో నెలకు ఎనిమిది చుక్కల వెడల్పు దక్కును! ప్రోగ్రామునకు చోటు 422 బైట్లే. అదే యేడు మన పొరుగున బెంగుళూరులో పరిశోధనకేంద్రమును తెరచిన టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థ 1990లో టీఐ-81ను తెచ్చెను.

ఈ యంత్రములలో వ్రాతబల్ల మీటలే. టీఐ యంత్రములో ఒక మీట నొక్కిన ఒక ఆజ్ఞ మొత్తము పడును. అది అక్షరములుగా గాక ఒకటి రెండు బైట్ల సంకేతముగా నిలుచును. చోటు కలిసివచ్చును, అక్షరదోషము రాదు. తప్పు దొర్లినచో ఆ పంక్తికే తీసికొనిపోవును. అయితే తెరపై కనబడునవి ఎనిమిది పంక్తులు. పొడుగు ప్రోగ్రామును చదువుట తలుపుసందునుండి రథోత్సవమును చూచుటయే.

టీఐ-81కు తీగ తగిలించు ద్వారము లేదు. 1992 నాటి టీఐ-85కు కలదు. తీగ వచ్చినంతనే వ్రాత కంప్యూటరుపైకి మారెను. అక్కడ పెద్ద తెర కలదు గాని, అక్షరములను సంకేతములుగా మార్చు ఉపకరణము కావలెను. ఔత్సాహికులు అట్టివానిని స్వయముగా నిర్మించుకొనిరి. అంతటితో ఆగక, జ్ఞాపకసంచిక ప్రతిని సవరించి, సంస్థ తెరువని యంత్రభాషకు దారి చేసికొనిరి. జెడ్‌షెల్ అట్లు పుట్టినదే. వేగము పెరిగెను, అపాయమును పెరిగెను: ఒక్క పొరపాటుతో దాచుకొన్నదంతయు తుడిచిపెట్టుకొనిపోవును. టీఐ-89కు ఉచితముగా లభించిన టీఐజీసీసీలో సీ భాషానువాదకము, వ్రాతబల్ల ఒక్కచోట అమరెను. హ్యూలెట్-పాకార్డ్ వారి 49జి (1999) మాత్రము అసెంబ్లరును యంత్రము కడుపులోనే పెట్టెను. నా దృష్టిలో అదే ఉదారమైన పద్ధతి.

ఏలయన, కొన్నవానికి యంత్రముపై హక్కెంత యను తగవు పిదప ముదిరెను. 2009లో టీఐ-83 ప్లస్ రక్షణకు వాడిన 512 బిట్ల తాళపుసంఖ్యను ఒక ఔత్సాహికుడు ఇంటి కంప్యూటరుతోనే విడగొట్టెను. సంస్థ న్యాయనోటీసులు పంపెను. 2020లో టీఐ-84 ప్లస్ సీఈ నుండి యంత్రభాషా సదుపాయమునే తీసివేసెను. పరీక్షలలో మోసము జరుగునని భయము. ఆ భయము నిరాధారము కాదు; మన ఇంజనీరింగు పరీక్షలలోను ప్రోగ్రాము వ్రాయదగు యంత్రమును సాధారణముగా లోనికి రానీయరు.

2017లో ఫ్రాన్సునుండి వచ్చిన నమ్‌వర్క్స్ యంత్రమున పైథాన్ భాషను మీటలతో వ్రాయవచ్చును, కంప్యూటరుపై వ్రాసి తీగద్వారా పంపవచ్చును. వందల పంక్తుల ఆటకు కంప్యూటరే మేలు. కాని ఇంట కంప్యూటరు లేని పిల్లవానికి పండ్రెండు నెలల వానను పండ్రెండు కడ్డీలుగా నిలుపుటకు పట్టునది పట్టుమని పది పంక్తులు; దానికి మీటలు చాలును.