ట్రౌట్‌మన్ వీధి సోల్

బ్రూక్లిన్‌లోని బుష్విక్‌లో, ట్రౌట్‌మన్ వీధిలో ఓ పాతిల్లు. డాప్‌టోన్ రికార్డ్స్ స్టూడియో అదే. శబ్దం ఆగడానికి గోడల్లో పాతబట్టలు కుక్కారట. గాయని షారన్ జోన్స్ కరెంటు వైరింగులోనూ చెయ్యేసింది. ఆవిడ ఒకప్పుడు రైకర్స్ ఐలాండ్ జైల్లో గార్డు. పేరొచ్చింది నలభై దాటాకే.

ఆవిడ 2007 నాటి ఆల్బమ్ ‘100 డేస్, 100 నైట్స్’ ఎనిమిది ట్రాకుల టేపు మీద రికార్డయింది. ట్రాకులు తక్కువైతే ఏ వాద్యం ఎంత వినబడాలో ముందే తేల్చుకోవాలి. టైటిల్ పాట మధ్యలో ఆవిడ కాస్త నెమ్మదించమంటుంది; ఆవిడ బ్యాండు డాప్‌కింగ్స్ అంతా ఒక్కసారిగా వేగం తగ్గిస్తుంది. నేను రివైండ్ చేసేది అక్కడే.

అంతకు ఏడాది ముందే ఎమీ వైన్‌హౌస్ ఆల్బమ్ ‘బ్యాక్ టు బ్లాక్’లో వాయించిందీ ఈ డాప్‌కింగ్సే. గ్రామీలు మాత్రం అటు వెళ్లాయి. నాకది ఇప్పటికీ మింగుడుపడదు.