కార్న్ స్నేక్ వర్ణభేదాలు

కార్న్ స్నేక్ లేదా మొక్కజొన్న పాము ఉత్తర అమెరికాకు చెందిన విషరహిత సర్పము. దీని శాస్త్రీయ నామము పాంథెరోఫిస్ గుట్టాటస్. 1766లో లిన్నేయస్ దీనిని కోలుబర్ గుట్టాటస్ అని వర్ణించాడు. తరువాత చాలా కాలము ఎలాఫే ప్రజాతిలో ఉంచబడినది. అమెరికా ఆగ్నేయ రాష్ట్రాలు దీని సహజ నివాసము. తెలుగువారికి బాగా తెలిసిన జెర్రిపోతు కూడా ఈ కుటుంబానికే (కోలుబ్రిడే) చెందినది. ఆర్మూరు ప్రాంతపు పసుపు, మొక్కజొన్న చేలలో జెర్రిపోతు ఎలుకలను తిని రైతుకు చేసే మేలునే అక్కడి గాదెల వద్ద కార్న్ స్నేక్ చేస్తుంది. పేరు ఆ గాదెల వలన వచ్చినదని కొందరు, పొట్ట మీది నలుపు తెలుపు గడులు రంగురంగుల మొక్కజొన్న గింజలను పోలి ఉండుట వలన వచ్చినదని మరికొందరు చెబుతారు. జెర్రిపోతును నాగుపాముగా భ్రమపడి చంపినట్లే, దీనిని కాపర్‌హెడ్ అనే విషసర్పముగా భ్రమపడి చంపుతుంటారు.

ప్రపంచంలో పెంపుడు పాములుగా ఎక్కువగా పెంచబడే జాతులలో ఇది ఒకటి. నెమ్మదైన స్వభావము, సులభముగా పిల్లలను పొందగలగటం ఇందుకు కొంత కారణమైనా, అసలు ఆకర్షణ రంగులే.

సహజ వర్ణము

అడవిలోని కార్న్ స్నేక్ నారింజ లేక గోధుమ రంగు శరీరముపై నల్లని అంచు గల ఎర్రని మచ్చలతో ఉంటుంది. నలుపు, ఎరుపు, పసుపు వర్ణకాలు వేరువేరు కణాలలో ఉంటాయి. ఒక జన్యువులో లోపము వలన ఒక వర్ణకము తగ్గినా, మిగిలినవి అలాగే నిలుస్తాయి. నలుపు లోపించిన దానిని అమెలనిస్టిక్ అంటారు. ఇది ఎర్రని కళ్ళతో, ఎరుపు నారింజ రంగులలో మెరుస్తుంది. ఎరుపు లోపించినది అనెరిత్రిస్టిక్. బూడిద, నలుపు రంగులలో ఉండి, వయసు పెరిగే కొలదీ మెడ వద్ద పసుపు ఛాయ పొందుతుంది.

పెంపకం చరిత్ర

అమెలనిస్టిక్ లక్షణము మెండల్ సూత్రాల ప్రకారమే సంక్రమిస్తుందని జార్జియా రాష్ట్రానికి చెందిన చర్మవైద్యుడు బెర్నార్డ్ బెక్టెల్ సంతానోత్పత్తి ప్రయోగాల ద్వారా నిరూపించి, 1962లో కోపియా పత్రికలో ప్రచురించాడు. నేటి వ్యాపారానికి ఇదే పునాది అని చెప్పవచ్చును. దానికి శాస్త్రీయ వివరణ చాలా ఆలస్యముగా లభించినది. 2015లో జెనీవా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఓ.సి.ఏ.2 అనే జన్యువులో ఒక అదనపు డి.ఎన్.ఏ. ముక్క చొరబడుటయే అమెలనిస్టిక్ రూపానికి కారణమని కనుగొన్నారు. లేత ఊదా రంగు గల లావెండర్ రకానికి ఎల్.వై.ఎస్.టి. అనే జన్యువులోని మార్పు కారణమని 2020లో తెలిసినది.

దాగి ఉన్న జన్యువు

ఈ రకాలలో అధిక భాగము అంతర్గత లక్షణాలు. అనగా తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి చొప్పున రెండు లోపభూయిష్ట ప్రతులు వస్తేనే రంగు బయట పడుతుంది. ఒక్క ప్రతి మాత్రమే గల విషమయుగ్మజము చూడటానికి మామూలు పాము వలెనే ఉంటుంది. వ్యాపార భాషలో దీనిని హెట్ అంటారు.

ఉదాహరణకు, శుద్ధమైన అమెలనిస్టిక్, అనెరిత్రిస్టిక్ పాములను జతపరచినచో పిల్లలన్నీ మామూలు రంగులోనే పుడతాయి. ఆ పిల్లలను తమలో తాము జతపరచినచో, పాఠ్యపుస్తకములోని బఠాణీల వలెనే 16లో 9 మామూలు, 3 అమెలనిస్టిక్, 3 అనెరిత్రిస్టిక్, 1 రెండు వర్ణకాలూ లోపించిన తెల్లని పాము రావాలి. ఈ చివరి దానిని స్నో అంటారు. ఒక ఈతలో సాధారణముగా 10 నుండి 30 గుడ్లు ఉంటాయి కాబట్టి, ఆ ఒక్కటీ పుట్టవచ్చును, పుట్టకపోవచ్చును. గుడ్లు సుమారు 28 డిగ్రీల సెల్సియస్ వద్ద 2 నెలలలో పొదుగుతాయి. పిల్ల మరల సంతానానికి సిద్ధమగుటకు సుమారు 3 సంవత్సరాలు పడుతుంది. ఒక రంగు కోసం రెండు తరాలు వేచి ఉండటమంటే సామాన్యమైన ఓపిక కాదు.

అమ్మకములో తరచు కనిపించే 66 శాతం హెట్ అనే మాటను చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. రెండు హెట్‌లకు పుట్టిన మామూలు రంగు పిల్లలలో మూడింట రెండు వంతులు జన్యువును మోస్తాయని దీని అర్థము. చేతిలో ఉన్న ఒక పాములో అది ఉన్నదో లేదో ఈ అంకె చెప్పదు. నిజామాబాదు మార్కెట్లో పసుపు కొనేవారు కొమ్మును విరిచి లోపలి రంగు చూసి ధర కడతారు. హెట్ పామును అలా పరీక్షించే వీలు లేదు; అమ్మినవారి వంశావళి పుస్తకమే ఆధారము. కాబట్టి నమ్మకమైన పెంపకందారుడు నిజానికి అమ్మేది తన లెక్కల పుస్తకాన్నే అనుకోవచ్చును. ఇటీవల కొన్ని లక్షణాలకు విడిచిన కుబుసము నుండి డి.ఎన్.ఏ. పరీక్ష చేయుట సాధ్యమైనది.

దోషాలు

రంగుతో పాటు వ్యాధి కూడా ఇలాగే దాగి ప్రయాణిస్తుంది. సన్‌కిస్డ్ అనే రకపు వంశాలలో బయటపడిన స్టార్‌గేజింగ్ అంతర్గత లక్షణముగా సంక్రమించే నాడీ దోషము. రెండు ప్రతులు గల పాము అదుపు తప్పి తలను పైకి, వెనుకకు తిప్పుతుంది. ఒక ప్రతి గలది ఆరోగ్యముగానే ఉండి, తెలియకుండా దోషాన్ని ముందు తరాలకు పంపుతుంది. రంగు త్వరగా స్థిరపడాలని దగ్గర బంధువులను జతపరచే అలవాటు ఇటువంటి దోషాలను బయటకు తెస్తుంది. ఇతర జాతులతో సంకరము మరొక వివాదము. క్రీమ్‌సికిల్ పేరుతో అమ్మబడేవి గ్రేట్ ప్లెయిన్స్ ఎలుక పాముతో కలిపిన సంకరాలు. అది చెప్పకుండా అమ్మినచో కొన్నవారికి తెలిసే మార్గము దాదాపు లేదు.

భారతదేశంలో

వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972) ప్రకారం జెర్రిపోతు, నాగుపాము వంటి దేశీయ సర్పాలను పట్టుట, ఉంచుకొనుట, అమ్ముట నేరము. విదేశీ జీవుల సంగతి వేరు. 2023 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన చట్ట సవరణ, 2024 నియమాల ప్రకారం సైటీస్ అంతర్జాతీయ ఒప్పందపు అనుబంధాలలోని జీవులను పెంచేవారు పరివేశ్ పోర్టల్లో నమోదు చేసుకోవాలి. బాల్ పైథాన్ ఆ అనుబంధాలలో ఉన్నది, కార్న్ స్నేక్ లేదు. అంతమాత్రాన దీనిని సంచిలో వేసుకొని తెచ్చుకోవచ్చునని కాదు. దిగుమతికి విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ అనుమతి, పశు క్వారంటైన్ తనిఖీ అవసరము. 2023 జనవరిలో చెన్నై విమానాశ్రయములో బ్యాంకాక్ నుండి వచ్చిన సంచులలో 45 బాల్ పైథాన్‌లతో పాటు 8 కార్న్ స్నేక్‌లను కస్టమ్స్ అధికారులు స్వాధీనం చేసుకొన్నారు.

తప్పించుకొన్న పెంపుడు పాము కొత్త నేలపై స్థిరపడే ప్రమాదము కూడా ఉన్నది. కేమన్ దీవులలో కార్న్ స్నేక్ ఇప్పటికే స్థిరపడినది. స్పెయిన్‌కు చెందిన గ్రాన్ కనారియా దీవిలో పెంపకం నుండి వచ్చిన కాలిఫోర్నియా కింగ్‌స్నేక్‌లు, వాటిలో తెల్లనివి సహా, అక్కడి స్థానిక బల్లులను విపరీతముగా తగ్గించాయి. ఎలుకలు పుష్కలముగా ఉన్న మన చేలలో అటువంటి పాముకు ఆహారానికి కొదువ ఉండదు.

వర్ణలోపము కార్న్ స్నేక్‌కే పరిమితము కాదు. మన పల్లెలలో అరుదుగా కనబడే, శ్వేతనాగు అని పూజలందుకొనే తెల్లని పాము కూడా ప్రత్యేక జాతి కాదు; వర్ణకము లోపించిన మామూలు నాగుపామే. దాని కాటుకు విషము ఏ మాత్రము తక్కువ కాదు. హైదరాబాదు పరిసరాలలో ఇళ్ళలోకి వచ్చిన పాములను పట్టి అటవీ ప్రాంతాలకు చేర్చే పనిని ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ చేస్తున్నది.